తెల్లబడ్డ పుస్తె

సరోజన మెడలోని బంగారు పుస్తె తెల్లవారేసరికి వెండిలా తెల్లబడి ఉంది.

ముందు చూసింది తల్లి సారక్క. బిడ్డకు తల దువ్వుదామని పుస్తెలతాడు పక్కకు జరిపింది. జరిపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. రెండు పుస్తెల్లో పుట్టింటిది ఎప్పటిలాగే పచ్చగా ఉంది. అత్తింటిది పాలిపోయి ఉంది. సారక్క కొంగుతో తుడిచింది. పోలేదు. ఉమ్మి తడిచేసి రుద్దింది. ఇంకాస్త తెల్లగా మెరిసింది.

"ఏందవ్వా?" అంది సరోజన. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఆమె నాలుక ఎంత పెనుగులాడిందో సారక్క విన్నది. నెల నుంచీ ఇదే తీరు. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. పట్టుకున్న చెంబు జారిపోతోంది. పోయిన వారం మరిగే గంజిలో వేళ్ళు ముంచి కూడా చెయ్యి తియ్యలేదు. కాలిందని ఆమెకు తెలియలేదు.

సారక్క కేక పెట్టింది.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న అంతయ్య లోపలికి వచ్చాడు. బెస్తవాడకు ఆయన కులపెద్ద. కూతురి మెడ వంక చూసి, అక్కడే గడపకు ఆనుకుని కూర్చున్నాడు.

"బంగారం తెల్లగైతదా? ఎన్నడన్న విన్నవా నువ్వు?" అంది సారక్క. "మొగుని పుస్తె తెల్లబడ్డదంటే ఏందన్నట్టు? ఇది భూమవ్వ పనే. తాయెత్తు గట్టిననాడే అన్న నేను, దాని చూపు మంచిగ లేదని."

"మెల్లగ. బయట హనుమండ్లున్నడు."

"విననియ్. నీ కులపోళ్ళంత విననియ్. మూడిండ్లల్ల మూడు తొలిసూరు కడుపులు. మూడిండ్లకు పోయిన మంత్రసాని ఒక్కతే. ఇంకేం సాక్ష్యం గావాలె నీకు?"

వాకిలి బయట హనుమండ్లు గొంతు సవరించుకున్నాడు. ఆయనతో పాటు వాడలోని మగవాళ్ళు పదిమంది దాకా నిలబడి ఉన్నారు. మంత్రసాని భూమవ్వను నిన్న సాయంత్రం నుంచి కులం కొట్టంలో కూర్చోబెట్టారు. కమ్మరి దగ్గర్నుంచి పటకారు కూడా వచ్చింది. పళ్ళు ఊడగొడితే మంత్రం పారదని వాళ్ళ నమ్మకం. కులపెద్ద ఒక్క మాట అంటే చాలు.

"అంతన్నా," పిలిచాడు హనుమండ్లు. "ఇంకెంతసేపు? నా కోడలు రామవ్వ పండుకున్న మంచం దిగుతలేదు. మనుమడు పుట్టినప్పటిసంది మెడ నిలుపుతలేడు. నీ బిడ్డకు గూడ గట్లనే గావాల్నా?"

సరిగ్గా అప్పుడే ఇస్తారి సైకిలు వచ్చి ఆగింది.

సరోజన భర్త అతను. సుల్తానాబాద్ దిక్కు నుంచి ఇల్లుటం వచ్చి, అత్తింట్లోనే ఉంటున్న అల్లుడు. గోదావరి ఒడ్డున కొత్తగా లేచిన కాస్టిక్ సోడా కార్ఖానాలో పని. రాత్రి పాళీ దిగి వస్తున్నాడు. జనాన్ని తప్పించుకుని లోపలికి వచ్చి, భార్య మెడ చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తీసెయ్ గది," అన్నాడు.

"ఏంది తీసేది?" అంది సారక్క.

"పుస్తె. మెడలకెల్లి తీసెయ్. బయట పారెయ్యుండ్రి."

సారక్క మొగుడి వంక తిరిగింది. "విన్నవా! కట్టినోడే తెంపమంటుండు! ఓ అల్లుడా, నీకు గూడ మందు పెట్టిందా ఆ ముసల్ది?"

"అత్తా, నా మాటిను. సరోజనా, తియ్యి."

సరోజన వేళ్ళు తాడు ముడి దొరకక వణుకుతున్నాయి. ఇస్తారి సాయం చెయ్యబోయి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి పుస్తెను తాకకముందే వెనక్కి లాక్కుని, పంచెకు రుద్దుకున్నాడు.

అంతయ్య అది చూశాడు.

"దశరథాన్ని పిలువుండ్రి," అన్నాడు. "బంగారం సంగతి ఔసలాయనకే ఎరుక."

---

కంసాలి దశరథం కుంపటి, గొట్టం పట్టుకుని వచ్చాడు. పుస్తెను అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. వాసన చూడబోయి ఆగాడు.

"సారక్కా, బిడ్డను లోపలికి తోలుకపో. తలుపు దగ్గరికెయ్. గీ పొగ కడుపుతోటున్నోళ్ళు పీల్చద్దు."

"ఏం పొగ? దయ్యం పోయే పొగనా?"

"నేను ఔసలోన్ని తల్లీ, దయ్యాలు నాకాడ నిలువయ్. పో."

ముక్కుకు తువ్వాల కట్టుకుని, గాలి తన మీదికి రాకుండా పక్కకు తిరిగి కూర్చున్నాడు. పుస్తె నిప్పుల మీద కాసేపు ఉంది. తెల్లదనం అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. పట్టుకారుతో తీసి నీళ్ళలో వేశాడు. పైకి తీసేసరికి మసకగా ఉన్నా పచ్చటి బంగారమే.

వాకిట్లో నిలబడ్డ వాళ్ళలో గుసగుస లేచింది.

"మంత్రం గాదు," అన్నాడు దశరథం. "పాదరసం. బంగారానికి తాకితే అతుక్కుంటది. దేవుని తొడుగులకు బంగారు నీళ్ళు పూసేటప్పుడు మేం వాడుతం."

"వాడ్తే నీకాడనే ఉంటది గద!" హనుమండ్లు ముందుకు వచ్చాడు. "మా వాడల ఇంకెవలికాడ ఉంటది?"

"ఉన్నది. సీసాల చింతగింజంత. మా ఇంటిది గూడ నన్ను ముట్టనియ్యది ఆ పని చేసిననాడు. దాంతోటి నీ వాడనంత ఎట్ల పరేషాన్ చేస్తనయ్యా?" దశరథం కుంపటి చల్లారుస్తూ గొంతు తగ్గించాడు. "సోడా కార్ఖానల తొట్లల్ల పోసి పెడ్తరంట. చెన్నూరుల చెప్పుకుంటుండ్రు."

అందరి చూపులూ ఇస్తారి మీదికి తిరిగాయి.

"అవును," అన్నాడు ఇస్తారి. చాలా తొందరగా అన్నాడు. "ఉంటది. ఉప్పునీళ్ళకు కరెంటిచ్చి సోడా తీస్తరు. అడుగున పాదరసం పారుతుంటది. నా అంగీ మడతలల్ల ఇంత ఇరికింది గావచ్చు. నిన్న సరోజన వాకిట్ల పడిపోతే నేనే గద ఎత్తుకొచ్చి పండవెట్టిన. భుజానికి ఆనుకున్నది. గంతే మామా."

"గంతేనా?"

"గంతే."

"మరి నీ మొఖం అట్లెందుకైంది?"

"రాత్రంత నిద్ర లేదు."

అంతయ్య అల్లుడి మొహాన్ని ఇంకాసేపు చూశాడు. తర్వాత పెద్ద బరువు దించినట్టు ఊపిరి వదిలాడు. "విన్నరు గద. మంత్రం లేదు గింత్రం లేదు. భూమక్కను ఇంటికి తోలుండ్రి."

"పుస్తె సంగతి సరే," అన్నాడు హనుమండ్లు. "నా మనుమని మెడ సంగతేంది? నా కోడలు ఏ కార్ఖానకు పోయింది? దాన్ని భుజం మీద ఎవలు పండవెట్టుకున్నరు?"

హనుమండ్లు ఇంకో అడుగు వేసి అంతయ్యకు ఎదురుగా నిలబడ్డాడు.

"పండ్లు తియ్యద్దంటే తియ్యను. కని ఆమె నీ ముంగట నిలవడి చెప్పాలె, మా ఆడపిల్లలకు ఏం పెట్టిందో. చెప్తే ఇంటికి పోతది. చెప్పకుంటే నువ్వు కులపెద్దవని గూడ చూడ."

---

భూమవ్వ ఎవరూ పట్టుకోకుండానే నడిచి వచ్చింది. రాత్రంతా కూర్చోబెట్టినా జుట్టు ముడి చెదరలేదు. వాకిలి మధ్యలో నిలబడి, పటకారు పట్టుకున్న వాడి వైపు చూసింది.

"పండ్లు ఊడగొడ్తరట. ఉన్నయే నాలుగు. ఏ పన్నుకాన్నుంచి మొదలువెడ్తవో చెప్పు హనుమండ్లూ, నీ బొడ్డు కోసిన చేతులే ఇవి, నోరు గూడ నేనే తెరిచి పట్టుకుంట."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఎగతాళి గాదు భూమక్కా," అన్నాడు అంతయ్య. "ఒక్క మాట చెప్పి పో. తొలిసూరోళ్ళకు ఏం పెట్టినవ్?"

"మా అత్త ఏం పెట్టిందో గదే. ఆమె అత్త ఏం పెట్టిందో గదే."

"ఏందది?"

"చెప్ప."

"ఎందుకు చెప్పవు?" హనుమండ్లు గొంతు పెరిగింది.

"మగోళ్ళ ముంగట అనే ముచ్చట గాదు. నీ అవ్వ చెప్పిందా నీకు? నీ పెండ్లాం చెప్పిందా? మగోళ్ళ చెవిల పడ్డంక ఆ కడుపు నిలువది. పండ్లు పోతే పోనియ్, గటక తాగి బతుకుత. ఉన్న కడుపులు నా నోటితోటి తియ్యను."

అంతయ్య తల దించుకున్నాడు. వాడలోని ముసలి మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా నేల చూశారు. వాళ్ళకు తెలుసు. తెలిసినట్టు ఉండకూడదన్నదే వాళ్ళకు నేర్పిన మర్యాద. చిన్నప్పుడు ఆడవాళ్ళు గంప మీద గుడ్డ కప్పుకుని వస్తుంటే పక్కకు తిరిగి నిలబడమని వాళ్ళ తల్లులే చెప్పారు.

"చూసినవా అంతన్నా," అన్నాడు హనుమండ్లు. "చెప్పదంట. చెప్పేదైతే గద చెప్పేది. పట్టుండ్రి దీన్ని."

ఇద్దరు ముందుకు కదిలారు. ఒకడు భూమవ్వ రెక్క పట్టుకున్నాడు. ఆమె విదిలించుకోలేదు. సారక్క వైపు మాత్రం ఒకసారి చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. మాట్లాడకు అని చెబుతున్నట్టుగా ఉంది.

సారక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున ఈ మనిషినే కదా తిట్టిపోసింది! తాయెత్తు అంది, చూపు అంది. భూమవ్వ తెచ్చినదాన్ని కడిగింది ఎవరు? ఉప్పూ కారం వేసి వండింది ఎవరు? దాని మీద ఆమెకు ఎన్నడూ అనుమానం రాలేదు. గంగమ్మ ఇచ్చిన దాని మీద ఎవరికైనా ఎందుకొస్తుంది? ఇప్పుడు చెబితే బిడ్డ కడుపు పోతుంది. చెప్పకపోతే ఆ ముసలి నోరు నెత్తురవుతుంది.

"అవ్వా."

తలుపు తెరుచుకుంది. సరోజన చౌకట్టు పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ళు తడబడుతున్నాయి.

"చెప్పు... అవ్వా."

"నువ్వు లోపలికి నడు బిడ్డా. నీకు తెల్వది."

"కడుపు... నాది. నేను... చెప్పుమంటున్న." ఒక్కొక్క మాటా వెతుక్కుంటున్నట్టు పలికింది. "భూమత్త పండ్లు... నాకద్దు."

సారక్క కూతురిని చూసింది. భూమవ్వ కళ్ళు మూసుకుంది.

"మడుగుల చేప," అంది సారక్క.

వాకిట్లోని ముసలి మగవాళ్ళు, చిన్నప్పటిలాగే, పక్కకు తిరిగి నిలబడ్డారు.

"గంగమ్మ మడుగుల కొర్రమట్ట. ఐదో నెల పడంగనే మొదలుపెడ్తం. వారానికో పారి. భూమవ్వ గాలమేసి తెస్తది, ఇంట్ల ఆడిది వండిపెడ్తది. మా అత్త నాకు పెట్టింది, అందుకే ఇది పుట్టింది. రామవ్వకు నీ పెండ్లామే పెట్టింది హనుమండ్లూ, పోయి అడుగు. గిదే ముచ్చట. ఇగ ఆమె పండ్లు ఊడగొడ్తరో, నావి గొడ్తరో మీ ఇష్టం." చెప్పడం అయిపోగానే ఆమె కూతురి కడుపు మీద రెండు చేతులూ వేసి, దాన్ని పట్టి ఆపుతున్నట్టు నిలబడింది.

ఏదో పడ్డ చప్పుడైంది. ఇస్తారి సైకిలు.

అతను దాన్ని లేపలేదు.

"మడుగుల చేపనా?" అన్నాడు. "ఏ మడుగు? అత్తా, ఏ మడుగు?"

"ఎన్ని మడుగులున్నయ్ మనకు?"

"మడుగుల ఎవ్వలు వల వెయ్యరంటివి గద మామా!" ఇస్తారి అంతయ్య దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. "పెండ్లైన కొత్తల నువ్వే తోలుకపోయి చూపెట్టినవ్. చేపపిల్ల గూడ ముట్టరంటివి. మా తాతల నాటి నుంచి ముట్టలేదంటివి!"

"వల వెయ్యరన్న. గాలం ఆడోళ్ళది. అది మేం అనం."

"అనరా? గంత మాట అనరా? చెప్పద్దా నాకు?"

"నీకెందుకు చెప్పాలె అల్లుడా?" అంతయ్య గొంతు ఇప్పుడు చాలా మెల్లగా ఉంది. "మడుగుల వల వేస్తేంది, వెయ్యకుంటేంది? నీ నౌకరి కార్ఖానల గద."

దశరథం కుంపటి అక్కడే వదిలేసి లేచి నిలబడ్డాడు. భూమవ్వ రెక్క పట్టుకున్నవాడు దాన్ని ఎప్పుడు వదిలాడో అతనికే తెలియదు.

సరోజన చౌకట్టు దగ్గర్నుంచి భర్తనే చూస్తోంది. అతనొక్కడే ఆమె వైపు చూడటం లేదు.

"ఇస్తారీ," అన్నాడు అంతయ్య. అల్లుడా అనలేదు. "ఏం చేసినవ్?"

"చెప్త."

"కూసోని చెప్పు."

"నిలవడే చెప్త మామా. కూసుంటే మల్ల లేవ." అతను వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా తిరిగాడు. "తొట్ల అడుగుకు మడ్డి దిగుతది. పాదరసం కలిసిన మడ్డి. మొదలు మోరీల విడిచేటోళ్ళు, గోదాట్ల కలిసేది. కిందూరోళ్ళ బర్లు సచ్చినయని లొల్లైంది. హైదరాబాదుకెల్లి సాబులు చూడనీకి వస్తున్నరన్నరు. మేస్త్రి పర్శరాములు నన్ను పిలిచి, ఎవ్వలి కంట పడని జాగ ఉంటే చెప్పు, నీ నౌకరి పర్మినెంటు చేపిస్త అన్నడు. నన్ను ఎవ్వలు బెదిరియ్యలే. ఎవ్వలు కొట్టలే. నేనే చెప్పిన. మా మామ కులమోళ్ళకు ఒక మడుగున్నది, మిట్టమధ్యాన్నం గంగమ్మ తిరుగుతదని గాడికి ఒక్కడు పోడు అని నేనే చెప్పిన. బండి నేనే తోలిన. పోయిన వానకాలం పోయినప్పటిసంది పీపాలకు పీపాలు నేనే దొర్లిచ్చిన."

"మా గంగమ్మల..." అని హనుమండ్లు ముందుకు రాబోయాడు. అంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"పర్మినెంటైతే కోటర్సు ఇస్తరు మామా. ఇల్లుటం వచ్చినోడు, అత్త వండింది తిని అరుగు మీద పండుకుంటడు అని కల్లుకాడ నవ్వేది మీరే గద. సరోజనను తోలుకపోయి మాదంటూ ఒక పొయ్యి పెట్టుకుందామనుకున్న. గోదాట్ల పోస్తే ఊర్లోళ్ళు తాగుతరు, తింటరు, పాపం తగులుతదని గూడ సోచాయించిన. ఎవ్వలు తినని చేపలు, ఎవ్వలు తాగని నీళ్ళని ఆ జాగ ఏరుకున్న. మంచి పనే చేస్తున్ననుకున్న.

"తర్వాత చేపలు తేలినయ్. దొరికినకాడికి ఏరి ఇసుకల బొందపెట్టిన, మామ చూస్తడని. రామవ్వకు చేతులు వణుకుతున్నయని విన్ననాడే నాకు అనుమానమొచ్చింది. తొట్లు కడిగే ముసలాయనకు గట్లనే వణికేది, నేను చూసిన. కని రామవ్వకు మడుగుకు ఏం సంబంధమని నాకు నేనే చెప్పుకున్న. ఎవరన్న నీళ్ళ దిక్కు చూస్తరేమోనని భయమైంది. కల్లుకాడ కూసోని, మంత్రసాని చెయ్యి మంచిది గాదేమో అన్న. గా ఒక్క మాటే అన్న, భూమవ్వా. మిగిలిందంత వాళ్ళే అన్నరు."

భూమవ్వ పోయి సరోజన పక్కన నిలబడింది.

ఇస్తారి అప్పుడు తలెత్తి భార్యను చూశాడు.

"నిన్న నీ చెయ్యి వణికి ముద్ద జారిపోతుండె. అత్త గిన్నె నా చేతిల పెట్టి బయటికి పోయింది. ఏం చేపో నేను అడగలే. ముల్లు ఉన్నదేమోనని చిదిమి చిదిమి చూసిన. నేనే కలిపి నీ నోట్ల పెట్టిన. సాలు అన్నవ్. లోపలున్నదానికోసం ఇంకొక్క ముద్ద తినుమని, నేనే తినిపిచ్చిన సరోజనా."